ఇటుకల పండగ కార్నివాల్ కాదు

"ఇటుకల పండగ అంటే గిరిజనుల కార్నివాల్." విశాఖ మన్యం ఆదివాసులు విత్తుకు ముందు చేసుకునే ఈ పండగ గురించి, చైత్రం వచ్చిందంటే ఈ వాక్యం మళ్ళీ మొలుస్తుంది. వార్తల శీర్షికల్లో, యూట్యూబ్ వీడియోల పేర్లలో, అరకు ప్యాకేజీలు అమ్మే ట్రావెల్స్ వాళ్ళ కరపత్రాల్లో, అప్పుడప్పుడు సదస్సుల ప్రసంగాల్లో కూడా. ఆ మన్యంలోని ముంచింగిపుట్టు మీదుగా జోలాపుట్టు జలాశయం చూడ్డానికి వెళ్ళే కారును ఆడవాళ్ళు దారిలో ఆపి చందా అడిగితే, లోపల కూర్చున్నవాళ్ళు నవ్వుకుంటూ చెప్పుకునేదీ ఇదే. ఈ మాట తప్పు. నోరు జారిన తప్పయితే వదిలేయొచ్చు. దీని వెనక ఒక వాదం ఉంది కాబట్టి వదలడానికి లేదు.

ఆ వాదాన్ని దాని బలంతోనే చెబుతాను. కార్నివాల్ అంటే మాంసానికి వీడ్కోలు. లాటిన్‌లో 'కార్నే' అంటే మాంసం, 'వాలే' అంటే సెలవు. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాసం మొదలవబోతుండగా యూరప్ జనం తిని, తాగి, వేషాలు కట్టి ఆడిన రోజులవి. ఆ రోజుల్లో పెద్దాచిన్నా తేడా ఉండదు. నౌకరు దొరవుతాడు, దొర నవ్వులపాలవుతాడు. ఇక మన మన్యం చూడండి అంటారు వాళ్ళు. ఇక్కడా చలి పోయి ఎండ ముదిరే వేళ పండగ. వేట ఉంది, మాంసం ఉంది, జీలుగు కల్లు ఉంది, రాత్రంతా థింసా ఆట ఉంది. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురు కట్టి సర్కారు జీపును కూడా ఆపుతారు. వేటకెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ళ మీద పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేస్తారు. లోకం తలకిందులవడానికి ఇంతకన్నా ఏం కావాలి? మనిషి ఎక్కడైనా మనిషే, రియోలో జరిగేదే రంగబయలులోనూ జరుగుతుంది. పైగా కార్నివాల్ అనే మాట ఎప్పుడో చర్చి గడప దాటింది. కాలేజీల్లో ఫుడ్ కార్నివాల్, మాల్‌లో షాపింగ్ కార్నివాల్ పెట్టుకున్నప్పుడు లేని అభ్యంతరం ఇక్కడెందుకు? ఆ పేరు పెడితే బయటివాళ్ళకు అర్థమవుతుంది, జనం వస్తారు, కొండవాళ్ళ చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి.

వినడానికి బాగుంది. ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

1. మాట పుట్టుక

'కార్నే వాలే' కథ అందంగా ఉంటుంది కాబట్టే అందరి నోళ్ళలోనూ నిలిచింది. భాషా చరిత్రకారులు దాన్ని జనం తర్వాత అల్లుకున్న వ్యుత్పత్తిగానే చూస్తారు. మధ్యయుగపు లాటిన్‌లో కనిపించే రూపం 'కార్నెలెవారె'. మాంసాన్ని తీసేయడం, పక్కన పెట్టడం అని దాని అర్థం. అదే ఇటాలియన్‌లో 'కార్నెవాలే' అయింది. వీడ్కోలు పాట కన్నా వంటింట్లోంచి మాంసం కుండ దించేయడమే ఈ మాటలో ఎక్కువగా ఉంది. 19వ శతాబ్దపు యూరప్ పండితులు కొందరు ఇంకో దారి పట్టారు. 'కార్రుస్ నవాలిస్', అంటే ఓడ ఆకారపు బండి, అదే మూలమని ఊహించారు. రోమన్ కాలంలో ఐసిస్ దేవతకు మార్చి నెలలో జరిగిన పడవ ఊరేగింపును అందుకు సాక్ష్యంగా చూపారు. క్రైస్తవం కన్నా వెనక్కి వెళ్ళాలన్న ఆరాటమే తప్ప ఆ ఊహకు పత్రాల ఆధారం బలంగా లేదు.

ఈ తగువులో ఎవరి పక్షం వహించినా మనకు తేలేది ఒకటే. కార్నివాల్ అనేది ఒక నిషేధం నీడలో పుట్టిన మాట. ముందు ఉపవాసం ఉంటేనే దానికి ముందురోజు ఉంటుంది. చర్చి నలభై రోజులు మాంసం వద్దంది, చాలా ప్రాంతాల్లో గుడ్లు, పాలు, వెన్న కూడా వద్దంది. ఇంట్లో ఉన్నవి పాడైపోకుండా తినేయాలి. ఫ్రెంచివాళ్ళు ఆ చివరి రోజును 'మార్దీ గ్రా' అంటారు, అంటే కొవ్వు మంగళవారం. మర్నాడు భస్మ బుధవారం. ఉపవాసాన్ని తీసేయండి, కార్నివాల్ మామూలు విందు అయిపోతుంది.

మరి ఇటుకల పండగ తర్వాత ఏ ఉపవాసం ఉంది? ఏ కుండ దించేస్తున్నారు? ఈ ప్రశ్న అడగకుండానే పోలిక కట్టేశారు.

2. పంచాంగం తిరగేస్తే

ఇక్కడే వాదం పూర్తిగా కూలుతుంది. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

కార్నివాల్ నడక ఇది: ముందు తిండి, తర్వాత నిషేధం. మన్యం పండగల నడక సరిగ్గా దీనికి ఎదురు: ముందు నిషేధం, తర్వాత తిండి. కొండల్లో 'కొత్త' అనే మాట వినని వాళ్ళకు ఇది తెలియదు. చేలోనో చెట్టుకో కాపు వచ్చినంత మాత్రాన తినేయకూడదు. ఊరి దేవతకు పెట్టి, పెద్దలకు పెట్టి, కొత్త చేసుకున్నాకే నోట్లో పెట్టుకోవాలి. చిక్కుడుకు కొత్త ఉంది, కందికి కొత్త ఉంది, సామకు కొత్త ఉంది, మామిడికి కొత్త ఉంది. చైత్రంలో చెట్టు నిండా కాయలు వేలాడుతున్నా మామిడి కొత్త కాకుండా తినని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కొన్నిచోట్ల ఇది ఇటుకల పండగలో భాగంగా జరుగుతుంది, కొన్నిచోట్ల విడిగా జరుగుతుంది. ఎలా జరిగినా పండగ చేసే పని కట్టు విప్పడం. కార్నివాల్ ముగిసిన మర్నాడు కట్టు పడుతుంది. ఒకటి తలుపు మూసే ముందటి సందడి, ఇంకొకటి తలుపు తీసే వేడుక. రెంటినీ ఒకే పేరుతో పిలవాలంటే తలుపును పట్టించుకోకుండా సందడిని మాత్రమే చూడాలి. మన పాత్రికేయులు చేస్తున్నది అదే.

మాంసం సంగతీ అంతే. కార్నివాల్‌లో మాంసం ఇంట్లోంచి పోతుంది. ఇటుకల పండగలో మాంసం అడవిలోంచి ఊళ్ళోకి రావాలి, అందుకే వేట. వీడ్కోలు అనే అర్థం పట్టుకుని ఈ పండగను చదివితే, వచ్చేదాన్ని పోయేదిగా చదివినట్టవుతుంది.

తేదీలు కూడా చూడండి. కార్నివాల్ ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో ముగుస్తుంది. 2025లో భస్మ బుధవారం మార్చి 5న, ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చాయి. ఆ ఏడు ఉగాది మార్చి 30. అంటే మన చైత్రంలో మొదటి మూడు వారాలు క్రైస్తవ లోకానికి శ్రమ దినాలు. మన్యంలో క్రైస్తవం తీసుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఏ రోజుల్లో మాంసం మానాలో, ఏ రోజుల్లో తినొచ్చో వాళ్ళకు తెలుసు. భస్మ బుధవారం దాటాక వచ్చే పండగను పట్టుకుని వాళ్ళ ముందు కార్నివాల్ అంటే నవ్వుతారు.

ఇంతకీ ఈ పండగ చైత్రంలోనే ఎందుకు? దానికి యూరప్ వైపు చూడక్కర్లేదు, కొండ వైపు చూస్తే చాలు. చోడి, సామ కోతలు ఎప్పుడో అయిపోయాయి. చింతపండు ఒలిచి సంతకో, గిరిజన సహకార సంస్థ కొనుగోలు కేంద్రానికో వేశారు. చేతిలో కాస్త డబ్బు ఉంది. ఇప్పపువ్వు రాలుతోంది. పోడు కొట్టిన వాలు ఎండి, కాలి, వాన కోసం చూస్తోంది. ఆకు రాలిన అడవిలో చూపు దూరం పోతుంది, నీటి చెలమలు తగ్గి జంతువులు వాటి చుట్టూ చేరతాయి, ఊరంతా కలిసి తోలుకుంటూ వేటాడటానికి ఇంతకన్నా అనువైన నెల లేదు. విత్తు వేయడానికి ముందు పంట తినే పందిని తరమడం కూడా సేద్యంలో భాగమే. అన్నిటికన్నా ముఖ్యం విత్తనం. ఇంటింటి నుంచి తెచ్చిన విత్తనాలను ఊరి దేవత దగ్గర పెట్టి పూజారి పూజ చేస్తాడు. మంచిరోజు దిసారి చూస్తాడు. ఆ విత్తనం తిరిగి ఇంటికొచ్చి, ఇంటి నుంచి చేనుకు పోతుంది. ఊరూరికీ తేడాలున్నాయి. బగత, కొండదొర, పోర్జ, గదబ, కోదు, కోటియా, వాల్మీకి ఇళ్ళలో పద్ధతులు అచ్చంగా ఒకటి కావు. కానీ విత్తనం లేని ఇటుకల పండగ లేదు. కార్నివాల్ అని శీర్షిక పెట్టిన వార్త ఒకటి తీసుకుని అందులో విత్తనం అనే మాట ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి.

3. తలకిందులైంది ఎవరి లోకం?

ఈ పోలికకు పండితుల దన్ను కూడా ఉంది. మిఖాయిల్ బఖ్తిన్ అనే రష్యన్ విమర్శకుడు ఫ్రెంచి రచయిత రబ్లే రచనల మీద రాసిన పుస్తకం 1965లో అచ్చయింది. అధికారపు లోకాన్ని జనం నవ్వుతో తిరగేసే సందర్భంగా ఆయన కార్నివాల్‌ను చూశాడు. అంతకుముందే, 1954లో, మానవశాస్త్రవేత్త మాక్స్ గ్లక్‌మన్ ఆగ్నేయ ఆఫ్రికా ఆచారాల మీద రాస్తూ, ఏడాదికోసారి జరిగే ఉత్తుత్తి తిరుగుబాటు ఉన్న వ్యవస్థనే గట్టిపరుస్తుందని వాదించాడు. ఈ రెండూ కలిపి మన సదస్సుల్లో ఒక సూత్రం తయారైంది: ఏడాదంతా అణగి ఉన్నవాళ్ళు ఒక్క వారం విడుదల పొందడమే పండగ.

సరే, ఇటుకల పండగలో ఏ అధికారం తిరగబడింది? పూజారి పూజారిగానే ఉన్నాడు. దిసారి చెప్పిన రోజే రోజు. ఊరి నాయుడు నాయుడే, బారికి కబురు మోసేవాడే. ఉత్తుత్తి రాజును కూర్చోబెట్టి చివర్లో తగలబెట్టే తంతు లేదు. ముసుగు లేదు. కార్నివాల్‌లో ముసుగు ఎందుకంటే, రేపు దొరకు దొరకకుండా ఉండాలని. కొండ ఊళ్ళో థింసా ఆడేవాళ్ళు ఒకరి నడుం చుట్టూ ఒకరు చెయ్యేసి, ముఖాలు కనిపించేలా ఆడతారు. తుడుం ఎవరు కొడుతున్నారో, మోరి ఎవరు ఊదుతున్నారో ఊరందరికీ తెలుసు. దాక్కోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

దారికి కట్టిన గేటు సంగతి. బయటివాళ్ళకు బాగా కొట్టొచ్చినట్టు కనిపించేది అదే కాబట్టి దాన్నే తలకిందులకు రుజువుగా చూపిస్తారు. గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు ఎవరినీ అనుకరించడం లేదు. పోలీసు వేషం కట్టలేదు, దొరసాని నడక నడవలేదు. మా ఊరి మీదుగా పోతున్నావు, పండగ జరుగుతోంది, నీ వంతు ఇచ్చి వెళ్ళు అంటున్నారు. అది తమ పొలిమేర మీద ఊరికున్న హక్కును నలుగురి ముందు చెప్పడం. ఏడాదికి ఒక్కవారం వచ్చి పోయే హక్కు కాదది, మిగతా రోజుల్లో మనం పట్టించుకోని హక్కు. సర్కారు జీపు ఆగినప్పుడు లోపల ఉన్న అధికారికి లోకం తలకిందులైనట్టు అనిపిస్తే, ఆ తలకిందులు ఆయన తలలోదే.

ఇక పేడనీళ్ళు. మగవాణ్ని ఆడవాళ్ళు ఎగతాళి చేశారు కాబట్టి పెత్తనం తిరగబడింది అంటారు. ఎందుకు చేశారో చూడాలి కదా. వేటకు పోయినవాడి మీద ఊరు ఒక పని పెట్టింది. ఆ పని చేయకుండా తిరిగొచ్చాడు. పని ఏమైందని అడగడంలో తిరుగుబాటు ఎక్కడుంది? వేటలో ఏదో ఒకటి తెచ్చినవాడికి ఎదురేగి పాటలు పాడేదీ ఆ ఆడవాళ్ళే. పేడ కొండ ఇంట్లో అశుద్ధం కూడా కాదు, రోజూ వాకిట్లో అలికేది. పేడ పడిందంటే పరువు తీసేశారని అనుకునేది పట్నంలో పెరిగిన కళ్ళు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను ఈ పండగను స్త్రీ స్వేచ్ఛకు జెండాగా నిలబెట్టబోవడం లేదు. వేటకు ఆడవాళ్ళు పోరు. వండేది, నీళ్ళు మోసేది, రాత్రి ఆడి తెల్లారి మళ్ళీ పొయ్యి ముందు కూర్చునేది వాళ్ళే. గేట్ల దగ్గర వసూళ్ళు ఒక్కోచోట శ్రుతిమించి డ్రైవర్లతో గొడవలయ్యే మాటా నిజమే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చాక వేట నేరం. అడవి పలచబడ్డాక చాలా ఊళ్ళలో అది పేరుకే మిగిలింది. ఈ లోపాలు, ఈ చిక్కులు చర్చకు రావాలి. కార్నివాల్ అన్న మాట వాటన్నిటినీ 'ఒక వారం సరదా' అని కప్పేస్తుంది. ఆడవాళ్ళ పనిభారం మీద ప్రశ్న అడగాల్సిన చోట 'ఆహా, ఆడవాళ్ళ రాజ్యం' అని చప్పట్లు కొట్టిస్తుంది.

ఈ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 1872లో ఛోటానాగపూర్ కమిషనర్ ఎడ్వర్డ్ డాల్టన్ బెంగాల్ జాతుల మీద పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. సింహభూమ్ హో ఆదివాసుల మాఘ పరబ్ గురించి రాస్తూ, నౌకర్లు యజమానులను, పిల్లలు తల్లిదండ్రులను లెక్కచేయని రోజులని వర్ణించి, దానికి రోమన్ల 'సాటర్నేలియా' పేరు తగిలించాడు. డిసెంబరులో యజమానులు బానిసలకు వడ్డించే పండగ అది. కేంబ్రిడ్జ్‌లో కూర్చుని ప్రపంచంలోని ఆచారాలన్నిటినీ ఒక గ్రంథమాలలో పేర్చిన జేమ్స్ ఫ్రేజర్ డాల్టన్ వర్ణనను తీసుకుని లోకమంతటికీ పంచాడు. అప్పటి నుంచి ఆదివాసి పండగ అనగానే కట్టు తెంచుకున్న జనం కనిపించడం చదువుకున్నవాళ్ళకు అలవాటైంది. సాటర్నేలియా పోయి కార్నివాల్ వచ్చింది, అంతే. డాల్టన్ మాటలో ఈసడింపు ఉంది, మన మాటలో మురిపెం ఉంది. రెండింటిలోనూ పండగకు సొంత లెక్క ఉంటుందన్న నమ్మకం లేదు.

బఖ్తిన్‌ను అరువు తెచ్చుకునేవాళ్ళు ఆయన పెట్టిన షరతు ఒకటి మింగేస్తారు. కార్నివాల్‌లో ఆడేవాళ్ళు, చూసేవాళ్ళు అనే తేడా ఉండదని, దాన్ని ఎవరూ చూడరని, అందరూ అందులోనే ఉంటారని ఆయన వాదన. కుర్చీలు వేసి, వేదిక కట్టి, లైట్లు పెట్టి చూపించేది ఆయన లెక్కలో కూడా కార్నివాల్ కాదు. ఈ పేరు పెట్టి మన పర్యాటక వ్యాపారం అమ్మాలనుకుంటున్నదేమో సరిగ్గా ఆ కుర్చీలనే.

4. గోవా, ట్రినిడాడ్ ఉదాహరణలు

మాటలు ప్రయాణం చేస్తాయి, వద్దంటే ఆగవు అనే వాదం ఒకటి ఉంది. నిజమే. ట్రినిడాడ్‌లో ఫ్రెంచి తోటల యజమానులు తెచ్చిన కార్నివాల్‌ను బానిసత్వం నుంచి బయటపడ్డ ఆఫ్రికన్లు తమదిగా చేసుకున్నారు. కాగడాలు పట్టుకుని తిరిగే కాన్‌బులే ఊరేగింపును పోలీసులు అడ్డుకుంటే 1881లో తిరగబడ్డారు. మాట యజమానిదే, దాన్ని లాక్కున్నది వాళ్ళు. లాక్కున్నా పంచాంగాన్ని మాత్రం మార్చలేదు: ఇవాళ్టికీ అది భస్మ బుధవారానికి ముందు సోమ, మంగళవారాల్లోనే జరుగుతుంది.

గోవాకు పోర్చుగీసువాళ్ళతో కార్నివాల్ వచ్చింది. అక్కడి కొంకణి ఊళ్ళు దాన్ని 'ఇంత్రూజ్' అని పిలుచుకున్నాయి. పణజీ వీధుల్లో మోమో రాజు బండెక్కి ఊరేగే ఇప్పటి రూపం 1965 నుంచి మొదలైంది. ఆ రాజు వెనక ఇవాళ కంపెనీల ప్రచార శకటాలు నడుస్తాయి. అయినా అక్కడ కేథలిక్ జనం ఉన్నారు, వాళ్ళకు ఉపవాసం ఉంది, దాని ముందు నాలుగు రోజులున్నాయి. కార్నివాల్ అనే మాటకు అక్కడ కాళ్ళు నేల మీద ఉన్నాయి.

ముంచింగిపుట్టు వాళ్ళు ఈ మాటను ఎప్పుడు లాక్కున్నారు? ఎవరి దగ్గర? వాళ్ళకు రెండు పేర్లు ఉండనే ఉన్నాయి. తెలుగు మాట్లాడేవాళ్ళు ఇటుకల పండగ అంటారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళు చైత్ర పరబ్ అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి, విశాఖ ఏజెన్సీలోంచి కోరాపుట్ విడిపోయినప్పుడు మత్స్యగెడ్డ నదికి ఇవతలి కొండలు ఒక రాష్ట్రంలో, అవతలివి ఇంకో రాష్ట్రంలో పడ్డాయి. చుట్టరికాలు పడలేదు, పరబ్ కూడా పడలేదు. ఇవాళ్టికీ అటూ ఇటూ అదే నెలలో జరుగుతుంది. రాష్ట్రాల గీతే మార్చలేని పేరును ఒక ప్యాకేజీ కరపత్రం మార్చేస్తోంది. ప్రయాణం చేసి వచ్చిన మాట కాదిది, బయటి నుంచి తెచ్చి అతికించిన చీటీ. ఆ తేడా తెలియనట్టు నటించడం భాషాశాస్త్రం అనిపించుకోదు.

5. పేరేదైతేనేం అనేవాళ్ళకు

మాల్‌లో షాపింగ్ కార్నివాల్ పెడితే ఎవరికీ నష్టం లేదు, ఎందుకంటే ఆ మాల్‌కు అంతకుముందు పండగ లేదు. ఉన్న పండగకు పరాయి పేరు పెట్టినప్పుడు మూడు సంగతులు జరుగుతాయి, వరసగా.

మొదట తేదీ కదులుతుంది. ఇటుకల పండగ అన్ని ఊళ్ళకూ ఒకే రోజు రాదు. ఊరు కూర్చుని, దిసారిని అడిగి, చుట్టుపక్కల ఊళ్ళను చూసుకుని పెట్టుకుంటుంది. ఒక ఊరి చుట్టాలు ఇంకో ఊరి పండగకు పోవడానికి ఆ తేడానే వీలు. కార్నివాల్‌కు పోస్టర్ కావాలి, పోస్టర్‌కు ఒకే తేదీ కావాలి. పర్యాటకులు వచ్చేది చలికాలంలో, మంచు చూడ్డానికి. చైత్రపు ఎండలో ఎవరొస్తారు? కాబట్టి ఎవరో ఒక అధికారి ఏదో ఒక సమావేశంలో దీన్నే జనవరికి జరిపితే పోలా అంటాడు. ఇది నా భయం మాత్రమేనని కొట్టిపారేయొచ్చు. కానీ పేరు కార్నివాల్ అయ్యాక ఆ మాటకు ఎదురుచెప్పే ఆధారం ఏం మిగులుతుంది? వాన ముందు విత్తనంతో ముడిపడింది అని చెప్పడానికి ముందే మనం విత్తనాన్ని పేరులోంచి, కథలోంచి తీసేశాం కదా.

పోల్చి చూడ్డానికి అరకు చలి ఉత్సవం ఉంది. 2025 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 వరకు ప్రభుత్వం జరిపింది. దానితో నాకు పేచీ లేదు. అది ఎవరి కోసమో దాని పేరే చెబుతోంది: చలి కోసం కొండెక్కేవాళ్ళ కోసం. ఎవరి విత్తనాన్నీ, ఎవరి వేటనూ తనదని చెప్పుకోలేదు. సర్కారు ఉత్సవాలు పెట్టుకోదలిస్తే ఇలా సొంత పేర్లతో పెట్టుకోవచ్చు.

రెండో సంగతి, పండగలోంచి చూపించదగ్గ ముక్క విడిపోతుంది. ముందుగా పోయేది థింసా, పోయింది కూడా. చేయీ చేయీ కలిపి పాములా మెలికలు తిరిగే వరస వేదిక ఎక్కగానే జనం వైపు తిరిగి నిలబడాలి. మంత్రి వచ్చే వేళకు మొదలవాలి, పది నిమిషాల్లో ముగియాలి. ఒకే రంగు చీరలు కట్టాలి. తర్వాత వంతు వేటది: ఉత్తుత్తి విల్లంబులతో, అట్ట పందితో. విత్తనాల పూజకు మాత్రం వేదిక దొరకదు. అందులో చూడ్డానికి ఏమీ లేదు. పండగకు ప్రాణమైనది మాత్రం అదే.

మూడోది, అన్నిటికన్నా పెద్దది. కార్నివాల్ అంటే సరదా, సరదా చేసుకునేవాళ్ళు సోమరులు. ఈ ఒక్క మెట్టు దిగితే చాలు. చైత్రంలో కొండవాళ్ళు పనిలోకి రారు, తాగి ఆడతారు, బడికి పిల్లలు రారు, ఉపాధి పనికి కూలీలు రారు అనే ఫిర్యాదులు మండల కార్యాలయాల దాకా ఎందుకు పోతాయో ఆలోచించండి. సంక్రాంతికి మైదానం మూడు నాలుగు రోజులు మూతపడితే దాన్ని ఎవరూ సోమరితనం అనరు, పంట ఇంటికొచ్చిన పండగ అంటారు. వాళ్ళది పంట చేనుకు పోయే ముందు పండగ. మనది సంస్కృతి అయితే వాళ్ళది కార్నివాల్ ఎలా అయింది?

6. డబ్బు మాట

చివరికి మిగిలేది ఆదాయం వాదం. దీన్ని నేను చిన్నచూపు చూడను. కొండలో డబ్బు అవసరం ఎంతో సంతలో ఉప్పు, కిరోసిన్ బేరం చేసేవాళ్ళకు తెలుసు. కానీ లెక్క సరిగ్గా వేద్దాం. గేటు దగ్గర వసూలైన చందా ఆ ఊరి విందుకే ఖర్చవుతుంది. ఎంత వచ్చిందో, దేనికి పోయిందో ఊరికి తెలుసు. కార్నివాల్‌లో వేదిక కాంట్రాక్టు ఒకరిది, లైట్లు, సౌండు ఒకరివి, టెంట్లు ఇంకొకరివి, రిసార్ట్ గదుల అద్దె మరొకరిది. ఆడినవాళ్ళకు రోజు భత్యం, భోజనం పొట్లం, ప్రశంసా పత్రం. పేరు మార్చడం వల్ల డబ్బు వస్తుందనడం నిజమే కావచ్చు, వచ్చే చెయ్యి మాత్రం మారిపోతుంది. పర్యాటకుడు నిజంగా నాలుగు డబ్బులు ఇవ్వాలనుకుంటే గేటు దగ్గర విసుక్కోకుండా ఇచ్చి వెళ్తే చాలు. అదే డబ్బు, మధ్యలో ఎవరూ ఉండరు.

పండగ పేరు, తేదీ ఎవరు తేల్చాలన్నదానికి చట్టం ఎప్పుడో దారి చూపింది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం, మనం పీసా అంటున్నది, 1996లో వచ్చింది. ప్రజల సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభదేనని అందులో నాలుగో సెక్షన్ చెబుతోంది. ముంచింగిపుట్టు మండలం షెడ్యూల్డ్ ప్రాంతం. ఇటుకల పండగకు ఏ పేరు ఉండాలో, ఏ రోజు జరగాలో, బయటివాళ్ళు ఎంతవరకు రావచ్చో, కెమెరా ఎక్కడ ఆగాలో చెప్పాల్సింది పర్యాటక శాఖ కాదు, ప్యాకేజీ అమ్మేవాడు కాదు, నాలాంటి వ్యాసకర్త అంతకన్నా కాదు. శీర్షికలు పెట్టేవాళ్ళు కనీసం ఇటుకల పండగ అనో, చైత్ర పరబ్ అనో రాయడం నేర్చుకోవాలి, ఆ రెండు పేర్లూ ఏ తెలుగు పాఠకుడికీ భారం కావు. కార్నివాలే కావాలనుకుంటే విశాఖలో రామకృష్ణా బీచ్ ఉంది, డిసెంబరు నెల ఉంది, వేషాలకు, శకటాలకు స్పాన్సర్లు ఉన్నారు, కానివ్వండి. చైత్రం జోలికి రావాలంటే మాత్రం ముందు గ్రామసభను అడగాలి, అది వద్దంటే కొండ దిగి వెళ్ళిపోవాలి.